ఆ మాట బిడ్డకూ చెప్పాలి

ఆటిజం అని తేలాక అమ్మకు తెలుస్తుంది, నాన్నకు తెలుస్తుంది. కాస్త ఆలస్యంగానైనా నానమ్మకూ టీచరుకూ తెలుస్తుంది. ఎవరి గురించి ఆ రిపోర్టు రాశారో ఆ బిడ్డకు మాత్రం ఏళ్ళు గడిచినా ఎవరూ చెప్పరు.

ఆటిజం రిపోర్టు చాలా ఇళ్ళలో బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటుంది, పొలం కాగితాలూ నగల రసీదులూ దాచేచోట. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే దారిలోనే భార్యాభర్తలు ఒక మాటకు వచ్చేస్తారు: ‘ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దు.’ అత్తగారికి చెబితే ఊరంతా తెలుస్తుంది. స్కూల్లో చెబితే సీటుండదు. అపార్ట్‌మెంట్‌లో తెలిస్తే తమ పిల్లల్ని మన పిల్లాడితో ఆటకు పంపరు. పెద్దపిల్లకు రేపు సంబంధాలు చూడాలి. ఈ భయాల్లో ఒక్కటీ ఊహ కాదు, ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి జరిగినవే. అందుకే ఆ దాపరికాన్ని తప్పుపట్టబుద్ధి కాదు.

కానీ దాపరికం బంధువుల దగ్గర ఆగదు. బంధువులకు తెలియకూడదంటే బిడ్డ నోట ఆ మాట రాకూడదు. బిడ్డ నోట రాకూడదంటే బిడ్డకే తెలియకూడదు. అలా ఆ ఇంట్లో ఈ సంగతి అందరికన్నా చివర తెలిసేది ఆ పిల్లాడికే.

వాడికి ఏమీ తెలియదని మనం అనుకుంటాం. తోటిపిల్లలు సాయంత్రం గ్రౌండుకు పోతుంటే తాను థెరపీకి వెళ్తున్నానని వాడికి తెలుసు. పుట్టినరోజు పిలుపులు తనకు రావడం లేదని తెలుసు. అమ్మ ఫోన్లో పిన్నితో మాట్లాడుతూ తన పేరు రాగానే గొంతు తగ్గిస్తుందనీ, ఉన్నట్టుండి ఇంగ్లిషులోకి మారుతుందనీ తెలుసు. ఏదో తేడా ఉంది, అది మాత్రం ఎవరూ చెప్పరు. కారణం చెప్పకపోతే పిల్లలు కారణాన్ని తామే కల్పించుకుంటారు. ‘నేను మొద్దుని.’ ‘నేను చెడ్డవాడిని.’ ‘నా వల్లే అమ్మ ఏడుస్తోంది.’ ఈ మూడింటిలో ఏ ఒక్కదాంతో పోల్చినా ఆటిజం అన్న మాట ఎంతో మెత్తనిది.

ఆ గదిలో

డాక్టరు గది దాకా రావడానికే చాలా ఇళ్ళలో ఏళ్ళు పట్టేస్తుంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటం లేదని అమ్మ ఎప్పుడో గమనించి ఉంటుంది. కావలసింది వేలితో చూపించకుండా పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తున్నాడనీ, బొమ్మకారును తిరగేసి చక్రం ఒక్కటే గంటలకొద్దీ తిప్పుతున్నాడనీ గమనించి ఉంటుంది. కొందరు పిల్లల్లో ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య వచ్చిన నాలుగు మాటలూ పోతాయి. ఈ దిగులు పైకి చెబితే ‘వస పోశారా?’ అంటారు. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేనమ్మా’ అంటారు. ‘వీళ్ళ నాన్న కూడా అయిదేళ్ళ దాకా నోరు విప్పలేదు’ అంటారు. ధైర్యం చెప్పాలనే అంటారు, అందులో చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ ధైర్యం ఖరీదు ఒక్కోసారి రెండేళ్ళు.

రక్తపరీక్షలోనో ఎమ్మారై స్కానులోనో ఆటిజం కనిపించదు. ముందు వినికిడి లోపం లేదని తేల్చుకుంటారు. తర్వాత బిడ్డ ఆడుకుంటుంటే కనిపెట్టి చూస్తారు, తల్లిదండ్రులను గుచ్చి గుచ్చి అడుగుతారు. మనదేశంలో వైకల్య సర్టిఫికెట్ల కోసం వాడే ఐఎస్‌ఏఏ అనే కొలమానం తయారైంది మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. 2009లో విడుదలైన ఆ కొలమానంలో 40 అంశాలుంటాయి. అన్నీ కలిపి 70 కన్నా తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, ఆపైన ఎంత పెరిగితే అంత తీవ్రం.

ఆ అంకె తల్లిదండ్రుల తలలో గూడు కట్టుకుంటుంది. ‘మావాడికి తొంభై ఎనిమిది వచ్చింది’ అని పరీక్ష మార్కుల్లా చెప్పుకునేవాళ్ళున్నారు. ఆ అంకె బిడ్డ తెలివిని కొలవదు. పదేళ్ళ తర్వాత ఎలా ఉంటాడో చెప్పదు. ఇవాళ, ఈ వయసులో, ఈ లక్షణాలు ఎంత బలంగా కనిపిస్తున్నాయో మాత్రం చెబుతుంది. ఈ ముక్క తల్లిదండ్రులకు ఆ గదిలోనే విడమరిచి చెప్పాల్సిన బాధ్యత రిపోర్టు ఇచ్చేవాళ్ళది.

అయితే ఆ రోజు ఎంత చెప్పినా చెవికెక్కదు. మాట వినగానే మనసు మూసుకుపోతుంది. ఎందుకొచ్చింది, తగ్గుతుందా, మాటలొస్తాయా అన్న మూడు ప్రశ్నలే మనసులో తిరుగుతుంటాయి. అందుకే రిపోర్టు ఇచ్చే రోజూ, దాన్ని వివరించే రోజూ వేరువేరుగా ఉండాలి. వారం తర్వాత మళ్ళీ రమ్మని చెప్పే డాక్టరు మంచి డాక్టరు. చెప్పకపోతే మనమే అడగాలి. రెండోసారి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాలి, తెలుగులో చెప్పమనాలి, వీలైతే అత్తయ్యనో మామయ్యనో వెంట తీసుకెళ్ళాలి. కోడలు చెబితే నమ్మని విషయం డాక్టరు చెబితే నమ్ముతారు. ఇది కోడళ్ళందరికీ తెలిసిందే.

ఎవరి వల్ల?

అందరికన్నా ఎక్కువ గాయం చేసే ప్రశ్న ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకానికి ప్రత్యేకమైన స్థితిగా పరిచయమైంది. ఆ పిల్లల తల్లిదండ్రులు బిడ్డలతో ముభావంగా ఉంటారని కూడా ఆయన రాశారు. ఆ ఒక్క మాటను పట్టుకుని తర్వాతివాళ్ళు తల్లుల మీద మోయలేని నింద మోపారు. తల్లి ప్రేమలో చల్లదనం వల్లే బిడ్డ తనలోకి ముడుచుకుపోతుందని వాదిస్తూ బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. బిడ్డకు పాలిచ్చి, రాత్రులు మేలుకుని, ఊరూరా తిప్పిన తల్లులే దోషులయ్యారు. దీన్ని ఎదిరించిన మొదటివాళ్ళలో ఒకరు బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న ఒక బిడ్డకు తండ్రి. ఇది పెంపకం వల్ల వచ్చేది కాదనీ, మెదడు నిర్మాణానికి సంబంధించినదనీ 1964లోనే ఆయన పుస్తకం రాశారు. దానికి ముందుమాట రాసింది కానరే. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేమీ లేదని కానర్ స్వయంగా ప్రకటించారు.

అది జరిగి అర్ధశతాబ్దం దాటిపోయింది. మన ఇళ్ళలో విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. గ్రహణం పూట బయటికెళ్ళిందట. ఉద్యోగం మానలేదట. బిడ్డను ఆయాకు వదిలేసిందట. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక ఇలా అయ్యాడట. ఇప్పుడైతే అన్నిటికన్నా ముందు సెల్‌ఫోన్. ఈ ముద్దాయిల వరుసలో తండ్రి పేరు ఎప్పుడూ వినపడదు. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం చెబుతున్నదొక్కటే: ఆటిజంలో వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల పాత్ర చాలా పెద్దది. అది ఒక్క జన్యువు కాదు, ఎన్నో కలిసి పనిచేస్తాయి. తల్లి ఆ రోజు ఏం తిన్నది, ఎక్కడికి వెళ్ళింది అన్నదాంతో దీనికి పని లేదు. టీకాలతోనూ లేదు. ఎమ్మెమ్మార్ టీకాకు ఆటిజంతో లంకె పెడుతూ 1998లో పన్నెండు మంది పిల్లలను చూపించి రాసిన వ్యాసాన్ని ప్రచురించిన ‘లాన్సెట్’ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. రాసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తొలగించారు. చిన్నపిల్లలకు ఫోను తగ్గించాలి, అది నిద్రకూ మాటలకూ మంచిది. కానీ ఆటిజానికి ఫోను కారణం కాదు. యూట్యూబులో వినిపించే ‘వర్చువల్ ఆటిజం’ వైద్యులు గుర్తించిన నిర్ధారణ కాదు.

ఈ నింద పోతే తప్ప ఇల్లు ముందుకు కదలదు. దోషి స్థానంలో నిలబెట్టిన అమ్మకు బిడ్డతో ఆటిజం గురించి మాట్లాడే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

నానమ్మ భాష

మరో నష్టం ఎవరికీ కనపడకుండా జరిగిపోతోంది. మాటలు ఆలస్యమైన బిడ్డ ముందు రెండు భాషలు మాట్లాడితే అయోమయపడతాడనీ, ఏదో ఒక్కటే మాట్లాడమనీ సలహా ఇస్తుంటారు. హైదరాబాద్‌లోనైనా డాలస్‌లోనైనా ఆ ఒక్క భాష తెలుగు కాదు, ఇంగ్లిషే. థెరపీ దానిలోనే, స్కూలు దానిలోనే. దాంతో నానమ్మ నోటికి తాళం పడుతుంది. ‘కమ్’, ‘సిట్’, ‘గివ్’ అని నాలుగు ముక్కలు నేర్చుకుని మనవడితో అవే అంటుంది. జోలపాట ఆగిపోతుంది, చందమామను చూపిస్తూ అన్నం పెట్టడం ఆగిపోతుంది.

రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లల మీద చాలా అధ్యయనాలు జరిగాయి. రెండో భాష వల్ల వాళ్ళు వెనకబడినట్టు వాటిలో తేలలేదు. ఇంట్లో ఎవరికి ఏ భాషలో మనసారా మాట్లాడటం వస్తుందో ఆ భాషలోనే మాట్లాడాలి. పైగా అమ్మ తడుముకుంటూ మాట్లాడే ఇంగ్లిషులో ముద్దు ఉండదు, వెక్కిరింత ఉండదు, గారాబం ఉండదు. మాటలు నేర్వడానికి తంటాలు పడుతున్న బిడ్డకు కావలసింది సరిగ్గా అవే. ఆటిజం గురించి చెప్పాల్సి వచ్చినా చెప్పగలిగేది ఆ భాషలోనే.

ఇంటివాళ్ళ మాటకు ఎంత బలముందో గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి చేసిన ఒక పరిశోధన చూపించింది. 2016లో ఫలితాలు వచ్చాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి 65 మంది పిల్లల కుటుంబాలతో ఈ ప్రయోగం చేశారు. కొన్ని కుటుంబాలకు మామూలుగా అందే సేవలు, మిగిలినవాటికి ఈ కార్యకర్తల సాయం. బిడ్డ చూపు ఎటు పోతోంది, దేనితో ఆడుతోంది అని గమనించి దానికి తగ్గట్టు స్పందించడం తల్లిదండ్రులకు నేర్పారు. తల్లిదండ్రుల తీరు మారింది, పిల్లలు తామే ముందుకొచ్చి పలకరించడం పెరిగింది. స్పీచ్ థెరపిస్టు జిల్లాకు ఒకరు దొరకడమే గగనమైన మనబోటి చోట ఇది చిన్న సంగతి కాదు.

ఎలా చెప్పాలి?

‘వాడికి చెబితే కుంగిపోతాడేమో’ అన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది. ఆటిజం ఉన్న 78 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను అడిగి అమెరికా పరిశోధకులు 2022లో వెలువరించిన అధ్యయనం ఈ భయానికి ఒక జవాబు. చిన్న వయసులో తెలిసినవాళ్ళ జీవితం పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నట్టు అందులో తేలింది. విన్న క్షణంలో ఎక్కువ ఊరట పొందింది మాత్రం పెద్దయ్యాక తెలుసుకున్నవాళ్ళు. అంటే చిన్నప్పుడు చెబితే కొంత కలవరం ఉండొచ్చు. అయినా ఆ కలవరం అమ్మ పక్కనుండగా వస్తుంది, ఒంటరిగా కాదు.

చెప్పడానికి ముహూర్తం లేదు. ‘నేనెందుకు థెరపీకి వెళ్ళాలి?’, ‘నాకెందుకు ఫ్రెండ్స్ లేరు?’ అని బిడ్డ అడిగిందంటే సమయం వచ్చినట్టే. అడగకపోయినా ఏడెనిమిదేళ్ళకు మొదలుపెట్టడం మంచిదని నాకనిపిస్తుంది. స్కూలు నుంచి ఫిర్యాదు వచ్చిన రోజు చెప్పకూడదు. ఏడ్చి గోల చేసి అలసిపోయిన రాత్రి అసలే చెప్పకూడదు. అప్పుడు చెబితే ఆటిజం అంటే శిక్ష అనుకుంటాడు. ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ చెప్పాల్సిన పనీ లేదు. చాలామంది ఆటిజం పిల్లలకు అదే పెద్ద ఇబ్బంది. స్కూటరు మీద వెళ్తూనో, ఇద్దరూ కలిసి బఠాణీలు ఒలుస్తూనో చెప్పొచ్చు.

మాటలు చిన్నవిగా, వాడి రోజులోంచే రావాలి. ‘మిక్సీ వేస్తే నువ్వు చెవులు మూసుకుంటావు కదా నాన్నా, అక్క మూసుకోదు. నీ చెవులకు ఆ చప్పుడు చాలా పెద్దగా వినిపిస్తుంది. మన ఊరి బస్సుల నంబర్లన్నీ నీకు గుర్తుంటాయి, నాకు ఒక్కటీ గుర్తుండదు. ఎవరైనా జోక్ వేస్తే నీకు అర్థం కాక కోపమొస్తుంది. కొందరి మెదడు ఇలా పనిచేస్తుంది. దాన్ని ఆటిజం అంటారు. నీకు ఆటిజం ఉంది.’ ఆ రోజుకు ఇంతే. ఏమీ అనకుండా వెళ్ళిపోయి బొమ్మలతో ఆడుకోవచ్చు. ఫరవాలేదు. నాలుగు రోజుల తర్వాత అన్నం తింటూ అడుగుతాడు.

అడిగేవాటిలో కష్టమైనది ‘తగ్గిపోతుందా?’ అన్నది. అబద్ధం చెప్పకూడదు. ‘ఇది జ్వరం కాదు నాన్నా, తగ్గేది కాదు. నీకు కష్టమనిపించే పనుల్లో కొన్ని నువ్వు నేర్చుకుంటావు. కొన్నిటికి మేం సాయం చేస్తాం. కొన్నిటిలో ఎదుటివాళ్ళే మారాలి’ అనాలి. చివరి వాక్యం మరిచిపోవద్దు. మార్పు భారమంతా బిడ్డ మీదే వేస్తే థెరపీ అంటే తనను సరిచేసే కార్ఖానా అనుకుంటాడు. ‘నువ్వు జీనియస్‌వి’ అనీ చెప్పకూడదు. 1988లో వచ్చిన ‘రెయిన్ మ్యాన్’ సినిమా దగ్గర నుంచి ఆటిజం అనగానే ‘ఏ విద్యలో దిట్ట?’ అని అడిగే అలవాటు లోకానికి అంటుకుంది. ఏ విద్యా లేని పిల్లలే ఎక్కువ, అందరు పిల్లల్లాగే. వాళ్ళ మీద ఇంకో బరువు పెట్టడం దేనికి?

మాటలు రాని పిల్లల సంగతేమిటని అడుగుతారు. వాళ్ళకూ చెప్పాలి. పలకలేనంత మాత్రాన అర్థం కాదని కాదు. బొమ్మలతో చెప్పాలి, వాళ్ళు వాడే బొమ్మల కార్డుల్లోనో టాబ్లెట్‌లోనో ఆ మాటను కూడా చేర్చాలి. వీటి వల్ల నోటి మాట రాకుండా పోతుందని భయపడేవాళ్ళున్నారు, పరిశోధనలు ఆ భయాన్ని బలపరచలేదు. అన్నిటికన్నా ముందు ఆ బిడ్డ గదిలో ఉండగా ‘వీడికేమీ తెలియదండీ’ అని చుట్టాలతో అనడం మానాలి.

ఆడపిల్లల విషయంలో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. తోటివాళ్ళ నడకా నవ్వూ చూసి అలాగే అనుకరించి, స్కూల్లో ఏ తేడా కనపడనీయకుండా నెట్టుకొచ్చే పిల్లలు వాళ్ళలో చాలామంది. ఇంటికొచ్చి తలుపేసుకుని కూలబడతారు. ‘బిడియస్తురాలు’ అనుకుంటాం. పద్నాలుగేళ్ళకు నిర్ధారణ అయితే ‘ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు’ అని కోపం రావచ్చు. ఆ కోపానికి తావివ్వాలి, వాదించకూడదు.

చెప్పేవాళ్ళ గొంతులో దుఃఖం వినపడితే బిడ్డకు మాటలు వినిపించవు, దుఃఖమే వినిపిస్తుంది. తల్లిదండ్రులు ఏడవకూడదని కాదు. ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ 1993లో టొరంటోలో జరిగిన ఒక ఆటిజం సదస్సులో తల్లిదండ్రులతో ఒక సంగతి చెప్పారు. మీరు ఏడుస్తున్నది మీరు ఊహించుకున్న బిడ్డ రాలేదని, ఆ దుఃఖాన్ని ఇక్కడ బతికి ఉన్న మా మీద పెట్టకండని ఆ మాటల సారాంశం. ముందు పెద్దవాళ్ళు ఏడ్చి తేరుకోవాలి. అందుకు వారం పట్టినా, ఏడాది పట్టినా.

‘నువ్వే సర్దుకుపోవాలమ్మా’

ఆటిజం బిడ్డకు అక్కో తమ్ముడో ఉంటే వాళ్ళు రోజూ వినే మాట ఇది. వాళ్ళ పుస్తకం చిరిగినా, కేకు కిందపడినా, సినిమా మధ్యలో లేచి వచ్చేయాల్సి వచ్చినా సర్దుకుపోవాల్సింది వాళ్ళే. ఎందుకో మాత్రం చెప్పరు. నాలుగేళ్ళ తమ్ముడికైనా వాడి భాషలో చెప్పాలి. ఇది అంటుకునేది కాదనీ, ఎవరో చేసిన తప్పు కాదనీ, కోపం వస్తే కోపం వచ్చిందని అమ్మకు చెప్పొచ్చనీ చెప్పాలి. వారంలో ఒక గంట అమ్మో నాన్నో అచ్చంగా వాళ్ళకే దొరకాలి. అక్క పెళ్ళిచూపుల రోజున తమ్ముణ్ణి పిన్ని ఇంటికి పంపేయడం మన దగ్గర ఉన్నదే. ఆ రోజు ఆ ఇద్దరు పిల్లలూ ఏం నేర్చుకుంటారో ఆలోచిస్తే గుండె పిండేసినట్టుంటుంది.

ఇంకో బిడ్డను కందామా అనుకునే దంపతులకు నిజం చెప్పాలి. ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకూ ఉండే అవకాశం సుమారు అయిదింట ఒక వంతు. అందుకని భయపడమని కాదు, రెండో బిడ్డను మొదటి ఏడాది నుంచీ డాక్టరుకు చూపిస్తూ ఉండమని.

ఇక కాగితాలు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, స్కూలు సీటు నుంచి పరీక్షలో అదనపు సమయం దాకా అన్నిటికీ ఆధారం ఆ చట్టమే. జిల్లా కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీలు, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకూ ఖర్చు భరిస్తుంది. ఇవన్నీ సజావుగా నడుస్తున్నాయని నేను చెప్పను, కానీ అడగనివాళ్ళకు అసలు అందవు. మరోవైపు ‘ఆరు నెలల్లో మామూలు పిల్లాణ్ణి చేస్తాం’ అనే బోర్డులకు కొదవలేదు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయడం లేదనీ, దాన్ని రాసినా ప్రచారం చేసినా వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూస్తామనీ జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులోనే తేల్చింది. అయినా దాని కోసం నగలు తాకట్టు పెడుతున్న ఇళ్ళున్నాయి. ఆ ఆశను సొమ్ము చేసుకునేవాళ్ళను క్షమించలేం.

బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండిన రోజుతో తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సహజ సంరక్షకులు కాకుండా పోతారు. ఆ తర్వాతా సంరక్షకత్వం అవసరమైనవాళ్ళు నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందరికీ ఆ అవసరం రాదు. చదువుకునేవాళ్ళు, ఉద్యోగం చేసేవాళ్ళు తమ గురించి తామే చెప్పుకోవాల్సి ఉంటుంది: ఈ చప్పుడులో పని చేయలేనని, చెప్పాల్సింది కాగితం మీద రాసివ్వమని, పరీక్షకు ఇంకాస్త సమయం కావాలని. తనకేముందో తెలియనివాడు ఇవి ఎలా అడుగుతాడు? కాబట్టి సదరం స్లాటు బుక్ చేసుకునే ముందు వారంలో, బిడ్డ వయసు ఎంతైనా సరే, ఎక్కడికి వెళ్తున్నామో ఎందుకు వెళ్తున్నామో చెప్పండి. క్యాంపులో డాక్టరు ‘నీకేమిటి ఇబ్బంది?’ అని అడిగితే ముందు బిడ్డను మాట్లాడనివ్వండి. ఆలస్యమైనా సరే, మధ్యలో అందుకోకండి.